పేరు లేని మనిషి

మైలవరంలో మా అత్తయ్య ఓటు వెయ్యడానికెళ్ళి, వేలికి సిరా అంటకుండానే తిరిగొచ్చింది. ఇల్లు కదలని మనిషిని ఊరు మారిందని జాబితాలోంచి కొట్టేశారుట! "ఎదురుగా నించున్నాను కదరా, కనపళ్ళేదుటా?" అంది. నవ్వాను గాని, జవాబు తోచలేదు.

1951-52 తొలి ఎన్నికల్లో, ముఖ్యంగా ఉత్తరాదిన, సుమారు 28 లక్షలమంది స్త్రీలు సొంత పేరు చెప్పక, ఫలానావారి భార్యగానో కూతురుగానో మిగిలి ఓటు పోగొట్టుకున్నారు. వాళ్ళది బిడియం. మరి అత్తయ్యది? ముందుగా జాబితా చూసుకోకపోవడం తప్పే అనుకోండి. కాని ఊరు మారిందని పేరు తీసేసేముందు ఆ మనిషి మాట వినాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతోంది. లేదనడానికి ఒక్క గీత చాలు. ఉన్నానని రుజువు చేసుకోడానికి ఎన్ని గుమ్మాలెక్కాలి! అడిగే బాధ్యత ముందు గీత గీసేవాడిదే.

మొన్న ఆరో నంబరు ఫారం తెచ్చిచ్చాను. భర్త పేరు దగ్గర ఆగి అత్తయ్య నావైపు చూసింది, నేనే రాశాను. తన పేరు మాత్రం తనే రాసుకుంది.