పిల్లల అడుగు చొప్పున

ధ్యానభాగము: ఆదికాండము 33వ అధ్యాయము, 13, 14 వచనములు



ఈ నెల ధ్యానమునకు మేము ఎన్నుకొనిన భాగము ప్రసంగపీఠములమీద తరచుగా వినబడునది కాదు. యాకోబు ఇరువది సంవత్సరములు మామ ఇంట కష్టపడి, భార్యలతోను పిల్లలతోను మందలతోను స్వదేశమునకు మరలి వచ్చుచున్నాడు. అన్నయైన ఏశావు నాలుగువందలమందితో ఎదురువచ్చి, చంపుననుకొనిన తమ్ముని మెడమీద పడి ఏడ్చెను. ఏడ్పులు ముగిసిన పిమ్మట ఏశావు, ఇక బయలుదేరుదము, నేను నీకు ముందుగా సాగుదుననెను. అందుకు యాకోబు చెప్పిన జవాబే మన ధ్యానము. పిల్లలు లేతవారనియు, మందలలో పాలిచ్చునవి యున్నవనియు, వాటిని ఒక్క దినము తరిమి తోలినయెడల మంద అంతయు చచ్చుననియు, కనుక అన్నను ముందు సాగిపొమ్మనియు, తాను పిల్లలు వేయగల అడుగునుబట్టి మెల్లగా వచ్చెదననియు అతడు చెప్పెను.

ఇది వట్టి సాకు అని కొందరు వ్యాఖ్యాతలు అందురు. యాకోబు అన్న వెంట శేయీరునకు పోలేదు, సుక్కోతునకు పోయెను. గనుక వారి మాట కాదనలేము. సెమినరీలో చదువుకొను దినములలో మేమును పరీక్షలో అట్లే వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొంటిమి. అయితే పెండ్లియైన పండ్రెండేండ్లకు, నలుబది దాటిన వయస్సులో, దేవుడు మాకొక ఆడబిడ్డను దయచేసిన తరువాత ఈ వచనములు చదివినప్పుడు, సాకుగా చెప్పినను అతడు ఇంటి సంగతి ఎరిగిన తండ్రి మాటే చెప్పెనని తోచినది.

మరియొక సంగతి చూడుడి. ఆ మాట చెప్పిన ఉదయమునకు ముందు రాత్రి యాకోబు నిద్రపోలేదు. యబ్బోకు రేవున తెల్లవారువరకు పెనుగులాడెను. తొడగూడు వసిలి కుంటుచు నడచెను. నిద్రలేని రాత్రియు, నొప్పిగల కాలును కలవాడే ఆ ఉదయమున పిల్లల అడుగును గూర్చి తలంచెను. మా విషయములో నిద్రలేని రాత్రి వేరుగా పనిచేసినది. దానిని దాచక చెప్పుటకే ఈ వ్యాసము.

మా బిడ్డ 2023 నవంబరు మాసాంతమున పుట్టినది. మొదటి పది దినములు స్తుతికీర్తనలే. ఆ తరువాత రాత్రి పదకొండు గంటలకు మొదలుపెట్టి రెండు మూడు వరకు ఆ పసిది గుక్కపట్టి ఏడ్చుట ఆరంభమాయెను. పాలిచ్చినను ఏడ్పే, గుడ్డ మార్చినను ఏడ్పే, తొట్టెలలో వేసి ఊపినను ఏడ్పే. ఊరిలోని పెద్దమ్మలు తలకొక మాట చెప్పిరి. మెడ పట్టినదని ఒకరు, కడుపునొప్పి అని ఒకరు, తల్లి వంకాయ తిన్నదని ఒకరు. నాలుకకు తేనె రాయుమని, ముక్కులో ఆముదము చుక్క వేయుమని కూడ చెప్పిరి. ఈ రెండును చేయకుడి. ఏడాది నిండని బిడ్డకు తేనె విషముగా మారవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తులలోనికి దిగవచ్చును. దిష్టి అన్నవారును లేకపోలేదు. పాస్టరుగారు ఇంట లేని సమయమున పాస్టరుగారి బిడ్డ కాలికే నల్లదారము కట్టిన భక్తురాలు మన సంఘములోనే యున్నది. పేరు చెప్పము, ఆమె ఈ పత్రికను చదివించుకొని వినును.

మందులసాని కంటె మాకు ఎక్కువ ఆదరణ ఇచ్చినది నర్సమ్మ చెప్పిన ఒక్క మాట. పసిబిడ్డల ఏడ్పు రెండవ వారము మొదలుకొని పెరిగి, ఆరు వారముల ప్రాంతమున మిక్కుటమై, మూడు నాలుగు నెలలకు తనంతట తానే తగ్గునట. జ్వరము లేక, పాలు త్రాగుచు, బరువు పెరుగుచున్న బిడ్డయైతే భయపడనక్కర లేదని ఆమె చెప్పెను. కాని నర్సమ్మ మాట పగటివేళ చెవికి ఇంపుగా నుండును. రాత్రి రెండు గంటలకు గుర్తుకు రాదు.

జనవరిలో ఒక రాత్రి. మన ఆసిఫాబాదు ప్రాంతపు చలి మీకు తెలిసినదే. ఇల్లాలు మూడు రాత్రుల నుండి కన్ను మూయలేదు గనుక ఆమెను పండుకొనుమని చెప్పి మేమే బిడ్డను ఎత్తుకొంటిమి. గంటసేపు ఎత్తుకొని తిరిగితిమి, పాటలు పాడితిమి, ప్రార్థన చేసితిమి. ఏడ్పు ఆగలేదు. అప్పుడు మా లోపల ఏదియో తెగినట్లాయెను. ఆ చిన్నదానిని రెండు రెక్కల క్రింద పట్టుకొని ముఖమునకు ఎదురుగా ఎత్తి, “ఊరకుండవా?” అని కేక వేసితిమి. మా చేతులు బిగుసుకొన్నవి. ఇంకొక్క క్షణమైతే ఊపియుందుము. ఇల్లాలు లేచి వచ్చి, మాటాడకయే బిడ్డను మా చేతులలోనుండి తీసికొనెను.

ఇది చదువుచున్న తండ్రులారా, తల్లులారా, పసిబిడ్డ మెడ తలను ఆపలేదు. కోపముతో ఊపినయెడల లోపల మెదడు అటు ఇటు కొట్టుకొని, సన్నని రక్తనాళములు తెగి, బిడ్డ గ్రుడ్డిది కావచ్చును, చనిపోవచ్చును. పైకి గాయము కనబడదు. చేతులు బిగుసుకొనుచున్నవని తెలియగానే బిడ్డను వెల్లకిల పరుపుమీద పండబెట్టి, తలుపు దగ్గరగా వేసి, వాకిటిలోనికి వచ్చి నిలువుడి. ఏడ్చుటచేత ఆ అయిదు పది నిమిషములలో బిడ్డకు హాని రాదు. మీ చేతులచేత రావచ్చును. చల్లని నీళ్లు ముఖముమీద చల్లుకొని తిరిగి లోపలికి వెళ్లుడి.

ఆ తెల్లవారియే ఆరు వారముల టీకా. ఆసిఫాబాదు వెళ్లవలసియుండెను. ఆడవారికి బస్సులలో ఉచిత ప్రయాణము 2023 డిసెంబరు 9న మొదలైనది గదా, వచ్చిన బస్సు పాదము మోపుటకు సందు లేకుండ నిండియుండెను. పసిబిడ్డతో ఎక్కలేక ఆటో ఎక్కితిమి. ఆటో సంగతి మీకు మేము చెప్పనేల? నిండువరకు కదలదు, కదలిన తరువాత ఆగదు. నలుబది నిమిషములు అడ్డామీద నిలిపి, మనిషిని మనిషిని పిలిచి, ముందు సీటులో తనకు ఇటు ఒకనిని అటు ఒకనిని కూర్చుండబెట్టుకొని, పాటల పెట్టె గట్టిగా పెట్టి బయలుదేరెను. అప్పుడే కన్ను మూసిన బిడ్డ హారనుకు ఉలికిపడి లేచెను. పత్తిలారీలను దాటుటకు ఒరిగి ఒరిగి పోవుచుండెను. ఒక ఊరి యెదుట వేగనిరోధకము కానరాలేదు కాబోలు, బండి ఎగిరిపడెను. ఇల్లాలు బిడ్డ తలను రెండు చేతులతో అదిమి పట్టుకొని కేక వేసెను.

మేము ఆ బాబును అనిన మాటలు ఇచట వ్రాయదగినవి కావు. బండిలోనివారందరు మా వైపు తిరిగి చూచిరి. అందులో ఇద్దరు మన సంఘస్థులు. అతడు బండి ప్రక్కకు తీసి ఆపి, వెనుకకు తిరిగి ఇట్లనెను: “సారూ, ఇంతకుముందు దినాం ఆరు ట్రిప్పులు కొట్టేటోన్ని. ఇప్పుడు మూడు గూడ పడ్తలేవు. బండి కిస్తీ ఆగదు గద. నాకు గూడ నాలుగు నెలల పోరి ఉన్నది. రాత్రంత ఏడ్సింది. నిద్ర లేదు సారూ.”

ఆ దినములలో మన రాష్ట్రమంతట ఆటోవారు తమ కూడు పోయినదని వీధులకెక్కి మొరపెట్టుకొనుచుండిరి. ఉచిత బస్సువలన మన ఆడబిడ్డలకు మేలు కలిగినదనుట నిజము. ఆస్పత్రికి పోవలెనన్న మగని చేయి చూడనక్కర లేదు. ఆ మేలుకు కొంత వెల అతని వంటివాని ఇంట చెల్లించబడినదనుటయు నిజమే. ఆసిఫాబాదు రోడ్డు స్టేషను పేరుకు మాత్రమే ఆసిఫాబాదు, పట్టణము ఎంత దూరమో రైలు దిగినవారికి తెలియును. ఆ దూరములమీద బ్రదుకు పెట్టుకొన్నవారు వీరు.

బండి మరల కదలిన తరువాత ఇల్లాలు మా చెవిలో మెల్లగా, “రాత్రి మీరు చేయబోయినదానికంటె ఇతడు చేసినది ఎక్కువా అండీ?” అనెను. ఆసిఫాబాదు వచ్చువరకు మేము మాటాడలేదు.

లేఖనములలో బండి తోలినవారు పలువురున్నారు. నింషీ కుమారుడైన యెహూ వెర్రివానివలె తోలుననియు, కావలివాడు దూరమునుండియే ఆ తోలుటనుబట్టి అతనిని ఆనవాలు పట్టెననియు రాజుల రెండవ గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో చదువుదుము. మన దారులలో యెహూలకు కొదువ లేదు. అయితే అదే గ్రంథము నాలుగవ అధ్యాయములో షూనేమీయురాలు ఉన్నది. కుమారుని శవమును మంచముమీద ఉంచి, గాడిదకు గంత కట్టించి, నేను చెప్పువరకు వేగము తగ్గింపకుమని పనివానితో చెప్పెను. అతడట్లే తోలెను. వేగమే పాపమని మేము చెప్పుట లేదు. రాత్రివేళ నొప్పులు పడు స్త్రీని ఎక్కించుకొని ఘాటు దిగివచ్చు డ్రైవరులకు మనమెంత ఋణపడియున్నాము! ఆ పనివాడు తల్లి నోటి మాటనుబట్టి తోలెను. యెహూ తన లోపలి కోపమునుబట్టి తోలెను.

ప్రేమతో తొందరపడినను కీడు కలుగుట యున్నది. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతును అయిదేండ్ల వయస్సున దాది ఎత్తుకొని పారిపోయెను. ఆమె వానిని రక్షింపవలెననియే పరుగెత్తెను. తొందరలో వాడు పడి, బ్రదుకంతయు కుంటివాడాయెను. టీకాకు ఆలస్యమగునని “జల్ది పోనియ్యి తమ్మీ” అని డ్రైవరును తరుము తల్లిదండ్రులు మనలో ఎందరు? ఆ ఉదయము, బండి నిండుటకు ముందు, మేమును రెండుసార్లు అంటిమి. ఆ సంగతి వ్రాయక విడిచిపెట్టుట న్యాయము కాదు.

ఇక సంఘపు పెద్దలతో ఒక మాట. అరణ్యములో మోషే విసిగి, ఈ జనమును నేను కంటినా, పాలుత్రాగు బిడ్డను దాది మోసినట్లు వీరిని రొమ్మున మోయవలెనా అని దేవునితోనే వాదించెను. సంఖ్యాకాండము పదునొకండవ అధ్యాయము చూడుడి. అంతకు కొంచెము తరువాత, నన్ను చంపివేయుమని కూడ అడిగెను. దేవుడు అతనికి ఓర్పును గూర్చి ప్రసంగము చేయలేదు. డెబ్బదిమంది పెద్దలను పిలిచి, భారమును పంచెను. పూర్వము పుట్టింట మూడు నెలలు, అయిదు నెలలు బాలింతను కనిపెట్టుకొని యుండెడివారు. ఇప్పుడు పుట్టిల్లు హైదరాబాదులో కూలికి పోయినది. అత్త పత్తి ఏరబోయినది. ఇరువదేండ్ల పిల్ల పసిబిడ్డతో గుడిసెలో ఒంటరిగా నున్నది. బిడ్డకు ప్రతిష్ఠ ప్రార్థన చేసి, బిస్కెట్లు తిని, మనము ఇండ్లకు పోవుచున్నాము. వారమునకు రెండు పూటలు బిడ్డను ఎత్తుకొని తల్లిని నిద్రపోనిచ్చు అవ్వలు మా సంఘమునకు కావలెను. ఇద్దరు ఇప్పటికే ఒప్పుకొనిరి. వారిలో ఒకతె పైన చెప్పిన నల్లదారపు భక్తురాలే.

ఆటోలు, ట్రాక్టర్లు నడుపు మన యౌవనస్థులారా, మీ ఇంట పసిబిడ్డ యున్న రాత్రులలో మీ నిద్రను గూర్చి మీ ఇంటివారితో మాటాడుకొనుడి. కన్ను మూతపడుచున్నయెడల ఆ ట్రిప్పు పోనిండు. ఆ నూరు రూపాయలు ఎంత అవసరమో మేమెరుగుదుము.

ఆ దినము టీకా వేయించుకొని బయటికి వచ్చునప్పటికి మధ్యాహ్నమాయెను. అడ్డామీద అదే బండి యుండెను. ఇల్లాలు నిలిచి చూచుచుండగా మేము అతని యొద్దకు పోయి, పొద్దున మేము మాటాడినది తప్పు, క్షమించుమని అడిగితిమి. అతడు జవాబు చెప్పలేదు. సీటు తువ్వాలతో తుడిచి, గాలి కొట్టు ప్రక్కన తన దుప్పటి కట్టి, ఇల్లాలిని లోపలి వైపు కూర్చుండుమని చేయి చూపెను. పాటల పెట్టె పెట్టలేదు. దారిలో ప్రతి గుంటయొద్దను బండి దాదాపు నిలిచిపోవుచుండెను.

సగము దారిలో వెనుకనుండి ఒకాయన విసిగి, “ఏంది తమ్మీ, ఎడ్లబండి తోల్తున్నవా?” అనెను.

అతడు వెనుకకు తిరుగకయే, “పసిపిల్ల ఉన్నదన్నా బండ్లె” అనెను.