సద్దిమూటలో ఎవరి వాటా?

ప్రయాణానికి సంచీ సర్దడంలో మన ఆడవాళ్ళను మించినవాళ్ళు లేరు. పెళ్ళికి వెళ్ళే సంచీ వేరు, పురిటికి పుట్టింటికి వెళ్ళే సంచీ వేరు, వేములవాడ రాజన్న దర్శనానికి వెళ్ళే సంచీ వేరు. దేన్లో ఏం పెట్టాలో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ బస్సు లేదు, రైలు లేదు, పిల్లల్నీ పెద్దల్నీ నడిపించుకుంటూ ఇల్లు చేరాలి అనే రోజు వస్తే? ఆ సంచీలో ఏం పెట్టుకోవాలి? ఇదేం అపశకునపు మాట అంటారేమో! మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు ఈ నడక కొత్తేమీ కాదు.

1947-48లో రజాకార్ల భయానికి ఎంతోమంది ఇళ్ళు వాకిళ్ళు వదిలి సరిహద్దు దాటి చాందా వైపు వెళ్ళారు. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు పట్టరానంత వరద వచ్చినప్పుడు దిగువ ఊళ్ళవాళ్ళు ఉన్నపళాన లేచి వెళ్ళవలసి వచ్చింది. ఈ రెంటికీ మధ్య 2020 ఉంది. ఆ ఏడు మార్చి 24న రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటన వచ్చింది. అర్ధరాత్రి నుంచి దేశానికంతటికీ తాళం పడింది. రైళ్ళు అప్పటికే ఆగిపోయాయి. నాలుగు గంటల్లో ఎవరు మాత్రం ఏం సర్దుకోగలరు? హైదరాబాదు నుంచి నాగపూర్ వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మీద కూలిజనం నెత్తిన మూట, చంకన బిడ్డతో నడిచారు. నిర్మల్ దాటి, ఆదిలాబాద్ దాటి, పెన్‌గంగ దాటి వెళ్ళారు. వలస కూలీల కోసం మొదటి ప్రత్యేక రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు కదిలేసరికి మే 1వ తేదీ అయింది. అప్పటికి ఐదు వారాలు గడిచాయి.

“కాస్త ముందుచూపు ఉండొద్దూ? నాలుగు రాళ్ళు వెనకేసుకుని ఉన్నచోటే ఉండకూడదూ?” అన్నవాళ్ళు అప్పట్లో చాలామందే ఉన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. ముందుచూపుకు కూడా పెట్టుబడి కావాలి. వారం కూలి చేతికి వస్తేనే వచ్చే వారం పొయ్యి వెలిగే ఇంట్లో అదనపు సంచీ ఎక్కడ నుంచి వస్తుంది? మనం సర్దుకోగలుగుతున్నామంటే అది మన తెలివి ఒక్కటే కాదు, మన దగ్గర ఉన్న మిగులు కూడా.

అలాగని సర్దుకోవద్దనడం లేదు. మా ఇంట్లో ఒక సంచీ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అటుకులు, పుట్నాలు, బెల్లం, పల్లి పట్టీలు, ఓ డబ్బాలో సత్తుపిండి. ఇవేవీ పొయ్యి అడగవు. బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా. ఆధార్ కార్డుల జిరాక్సులు, పది రూపాయల, ఇరవై రూపాయల నోట్లు. ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి పెట్టాను, బ్యాటరీ అయిపోతే మన చెల్లెలి నంబరు కూడా మనకు గుర్తుండదు కదా! టార్చిలైటు, తువ్వాళ్ళు, నెలసరికి కావలసినవి. కాళ్ళకు మాత్రం పాత చెప్పులే. కొత్త చెప్పులు అందంగా ఉంటాయి గానీ నాలుగు మైళ్ళలోనే కరుస్తాయి. పిల్లల భుజాన వాళ్ళ బరువులో పదో వంతు కంటే ఎక్కువ వెయ్యకూడదు. ఇంకొక పొట్లంలో ఉప్పు, పంచదార, ఒక టీస్పూను. లీటరు మంచినీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలిపితే ఎండదెబ్బకూ విరేచనాలకూ సోలిపోతున్న మనిషికి ప్రాణం లేచి వస్తుంది.

ఇక నీళ్ళ సంగతి. ఇక్కడే లెక్క తప్పనిసరి. హైదరాబాదు నుంచి కరీంనగర్ సుమారు 160 కిలోమీటర్లు. పిల్లలతో, ముసలివాళ్ళతో రోజుకు 20 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అంటే ఎనిమిది రోజులు. ఎండలో నడిచే మనిషికి రోజుకు మూడు లీటర్లయినా కావాలి. నలుగురికి పన్నెండు లీటర్లు. లీటరు నీళ్ళ బరువు కిలో. ఎనిమిది రోజులకు తొంభై ఆరు కిలోలు! దానికి సంచీ చాలదు, ఎడ్లబండి కావాలి.

ఈ లెక్క వేసుకున్న రోజున నాకొక సంగతి బోధపడింది. ఎంత సర్దినా, ఎంత డబ్బున్నా, ఎవరి దారికి సరిపడా నీళ్ళు వాళ్ళు మోసుకోలేరు. సంచీలో నీళ్ళు తరువాతి ఊరు వరకే. తరువాతి ఊరిలో ఎవరో ఒకరు పోయాలి. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశంవాళ్ళు గోదావరి హస్తినమడుగు నుంచి గంగాజలం తేవడానికి ప్రతి ఏడూ చెప్పులు లేకుండా నడిచి వెళ్తారు. నడకలో తలపండినవాళ్ళు, వాళ్ళు కూడా దారిలో ఊళ్ళలో మజిలీలు చేస్తారే గానీ అన్నీ తామే మోసుకుని పోరు.

మరి “తనకు మాలిన ధర్మం లేదు” అన్నారు కదా పెద్దలు? అదీ నిజమే. నా దగ్గర ఒక్క సీసా నీళ్ళుండి, నా బిడ్డా దారినపోయే ఇంకో తల్లి బిడ్డా ఒకేసారి నోరు తెరిస్తే ఏం చేస్తాను? గొప్పలు చెప్పను, నా బిడ్డకే ముందు పోస్తాను. దాన్ని పాపమని ఏ తల్లీ అనదు. కానీ రెండో గుక్క ఎవరికి? నా బిడ్డకు దాహం తీరాక కూడా, రేపటికి ఉంటుందిలే అని మూత బిగిస్తే? ఆ సామెత మొదటి గుక్కకు చెల్లుతుంది. రెండో గుక్కకు దాన్ని అడ్డం పెట్టుకోవడం సామెతకు కూడా అన్యాయమే.

మా సంచీ సర్దుతున్నప్పుడు మా అత్తమ్మ ఒక స్టీలు గిలాస తెచ్చి అందులో వేసింది. “మనిషికో సీసా ఉంది కదా అత్తమ్మా, మళ్ళీ ఇదెందుకు బరువు?” అన్నాను. “సీసా మనకు బిడ్డా. తొవ్వల ఎవలన్న దూపైతుంది అంటె ఎంగిలి సీసా ఇస్తమా?” అంది. ఆమె ఏ పుస్తకమూ చదివి చెప్పలేదు. సంచీ సర్దడమంటే ఆమె దృష్టిలో అడిగేవాళ్ళకు కూడా కలిపి సర్దడమే.

ఇంకొక మాట. నడిచేవాళ్ళ ధర్మం గురించి ఇంతసేపు ఆలోచించాం. కూర్చున్నవాళ్ళ ధర్మం మాటేమిటి? 2020లో చాలా ఊళ్ళు పొలిమేరలో ముళ్ళకంపలు అడ్డం వేసుకున్నాయి. రోగం భయం, ఇంట్లో ముసలివాళ్ళున్నారు. తప్పు పట్టలేను. అదే రోజుల్లో హైవే పక్కన అన్నం పొట్లాలు, మజ్జిగ పంచినవాళ్ళూ ఉన్నారు. నాకు తోచేదేమిటంటే, ఈ రెండూ ఒకే ఊరు చెయ్యవచ్చు. ఇవతల కంప పెట్టుకోవచ్చు, కంపకు అవతల నీళ్ళ రంజన్ కూడా పెట్టవచ్చు. ఎండాకాలం చలివేంద్రం పెట్టడం మనకెవరూ నేర్పలేదు కదా! ఆ ఏప్రిల్‌లోనే ములుగు జిల్లా మిరప చేల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి పెద్దవాళ్ళతో నడిచి బయలుదేరిన పన్నెండేళ్ళ పిల్ల, ఇల్లు ఇంకాస్త దూరంలో ఉండగానే కన్ను మూసింది. ఆ పిల్ల సంచీలో ఏముందో లేదో అని నేను ఆలోచించను. దారి పొడుగునా ఎన్ని ఇళ్ళలో కుండలు నిండుగా ఉండి ఉంటాయో, అదే నన్ను నిద్రపోనివ్వదు.

నడిచేవాళ్ళకు “తనకు మాలిన ధర్మం లేదు” అనుకునే హక్కు ఉంది. బావీ, బోరూ, ఫ్రిజ్జూ పెట్టుకుని నీడపట్టున కూర్చున్న మనకు ఆ హక్కు ఎక్కడిది? మన కుండ ఖాళీ అయితే మళ్ళీ నింపుకోగలం.

కాబట్టి సంచీ సర్దుకోండి, తప్పకుండా సర్దుకోండి. మూడు నెలలకోసారి అటుకులూ మాత్రలూ మార్చడం మరిచిపోకండి. దాంతోపాటు వచ్చే ఎండాకాలం గేటు బయట, నీడలో, ఒక కుండ కూడా పెట్టండి. పొద్దునా సాయంత్రం నింపి, మూత వేసి, పొడుగు కాడ ఉన్న ముంత ఒకటి పక్కన కట్టండి. ఖర్చెంత అవుతుంది, మీరే చెప్పండి?