సున్నా నుంచి ఆరుకి

1996లో అమెరికాలో రయన్ ష్రైబర్ అనే కుర్రాడు సొంతంగా మొదలుపెట్టిన ఇంటర్నెట్ సంగీత పత్రిక పిచ్‌ఫోర్క్. ఆల్బమ్‌లకు పదికి మార్కులేసేది, అదీ దశాంశాలతో! 2004లో ఆర్కేడ్ ఫైర్ 'ఫ్యూనరల్'కు 9.7 రావడంతో ఆ బృందం దశ తిరిగింది. అదే ఏడు ట్రావిస్ మారిసన్ సోలో ఆల్బమ్‌కు గుండుసున్నా. కొందరు దుకాణాల వాళ్లూ దాన్ని అనుమానంగా చూశారు.

2003లో గాయని లిజ్ ఫేర్ ఆల్బమ్‌కూ సున్నాయే పడింది. 2021లో పత్రికే దాన్ని 6.0గా దిద్దింది. పాటల్లో ఒక్క స్వరమూ మారలేదు.

మరి ఆ ఆరు మార్కులు ఇన్నాళ్లూ ఎక్కడున్నట్టు?

అభిరుచి ఎవరిది వాళ్లదే అన్న మాటను తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1757లోనే చర్చకు పెట్టాడు. చివరికి, పక్షపాతం లేని, సాధన చేసిన రసజ్ఞుల ఉమ్మడి తీర్పే గీటురాయి అన్నాడు. మన ఆలంకారికుడు అభినవగుప్తుడు చెప్పిన సహృదయుడికీ సాధన కావాలి. ఇద్దరూ దశాంశాల జోలికి మాత్రం పోలేదు. 9.6కీ 9.7కీ తేడా ఏ చెవికి అందుతుంది గనక! హ్యూమ్ అడిగిన ఉమ్మడి తీర్పుకు ఏళ్లు పడతాయి, పిచ్‌ఫోర్క్ సమీక్ష మామూలుగా విడుదల రోజుల్లోనే వచ్చేస్తుంది.