దయకు కన్నులు కావలెను

పాఠము: లూకా సువార్త 10:25–37



మే 12వ తేదీని నర్సుల దినముగా ఆచరించుచున్నారు. 1820లో ఆ దినముననే ఫ్లారెన్సు నైటింగేలమ్మగారు జన్మించిరి. ఈ సేవ మన సంఘములకు క్రొత్తది కాదు. కుగ్లరు దొరసానిగారు గుంటూరులో 1898లో ఆసుపత్రి తెరచిరి. మన పల్లెలనుండి నేటికిని బిడ్డలు నర్సింగు శిక్షణకు వెళ్లుచున్నారు. వారిని తలంచుకొని ఈ నెల మంచి సమరయుని కథను మరల ధ్యానింతము.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘ పెద్ద ఒకరికి పక్షవాతము వచ్చి ఆసుపత్రిలో చేర్చిరి. మేము ప్రార్థించుటకు వెళ్లితిమి. ఆయన పెదవులు ఎండిపోయి, చేతితో గ్లాసువైపు చూపెను. మా గుండె కరగెను. గ్లాసు నోటికి అందించబోగా, అక్కడ శిక్షణ పొందుచున్న మన సంఘపు చిన్నది పరుగున వచ్చి, "అయ్యగారూ, ఆగండి. ఆయన మింగగలరో లేదో ఇంకా చూడలేదు" అని గ్లాసు పట్టుకొనెను. నలుగురి యెదుట చిన్నపిల్ల మమ్మును ఆపినందుకు మాకు చిన్నతనమనిపించెను. ఆమె తడిగుడ్డతో ఆయన పెదవులు తడిపి, సిస్టరుగారిని పిలిచెను. పరీక్షించగా ఆయన మ్రింగలేకపోవుచున్నాడని తేలెను. పక్షవాతము వచ్చినవారికి గొంతు పట్టు తప్పవచ్చును; అట్టి వేళ త్రాగించిన నీరు ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా కలుగవచ్చును. మా చేతిలో ఉన్నది దయయే. కాని కన్నులు లేని ఆ దయ ఆయన ప్రాణము మీదికి తెచ్చియుండును.

ఇప్పుడు సమరయుని చూడుడి. అతడు జాలిపడెనని చెప్పి మనము ఆగిపోవుదుము. ప్రభువైతే అతడు చేసిన పనులను వరుసగా చెప్పెను.

మొదటిది, అతడు దగ్గరకు వెళ్లెను. యాజకుడును లేవీయుడును కూడ చూచిరి, కాని ప్రక్కగా పోయిరి. మంచము ప్రక్కనుండు సేవ దగ్గరనుండి చూచుటతో మొదలగును. ఊపిరిని నిండు నిమిషము లెక్కింపవలెను. నెమ్మదిగా పండుకొనియున్న పెద్దవారికి అది సాధారణముగా నిమిషమునకు 12 మొదలు 20 వరకు ఉండును. సాయంకాలము 18 ఉన్నది రాత్రికి 28 అయినచో, రోగి మూలుగకపోయినను ఏదో చెడుచున్నదని తెలిసికొనవలెను. నిన్న బాగుగా మాటలాడినవాడు నేడు తికమకపడుచున్నాడా? కదలలేనివాని నడుము ఎఱ్ఱబారినదా? చూచు కన్ను లేనిదే ఇవి తెలియవు.

రెండవది, అతడు తెలిసినంత పని జాగ్రత్తగా చేసెను. నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టెను. ఆ కాలమున అవే మందులు. నేడు రోగిని ముట్టకముందును ముట్టిన తరువాతను చేతులు శుభ్రపరచుకొనవలెను. సబ్బుతోనైతే 40 మొదలు 60 సెకనులు పట్టును. మందు ఇచ్చునప్పుడు రోగి, మందు, మోతాదు, ఇచ్చు మార్గము, వేళ, ఈ అయిదును సరిచూడవలెను. మన సంఘములలో మరియమ్మలు ఎందరు! ఒకే వార్డులో ఇద్దరు మరియమ్మలున్నచో "మరియమ్మా" అని పిలిచి మాత్ర ఇచ్చుట చాలునా? పూర్తి పేరు ఆమెచేతనే చెప్పించి, చీటీతో పోల్చి చూడవలెను. పొరపాటున మందు మారినచో దాచవద్దు, వెంటనే చెప్పుడి. దాచిన తప్పు మంచముమీదనున్నవారిని చంపగలదు. ఒప్పుకొనుట సంఘములో ఎంత అవసరమో వార్డులోను అంతే అవసరము.

మూడవది, అతడు తన శక్తి మేరను ఎరిగి అప్పగించెను. గాయపడినవానిని పూటకూళ్లవానికి అప్పగించి, డబ్బిచ్చి, మరల వచ్చెదనని చెప్పెను. నర్సు కూడ డ్యూటీ మారునప్పుడు ఏమి చూచెనో, ఏమి చేసెనో, ఇంక ఏమి కనిపెట్టవలెనో తరువాతివారికి తేటగా చెప్పవలెను. సందేహము కలిగినప్పుడు తెల్లవారువరకు ఆగక పెద్దవారిని పిలువవలెను. "పిలిచితే కసరుదురేమో" అను భయము ప్రాణముకంటె గొప్పది కాదు. మమ్మును ఆపిన చిన్నది తరువాత, "అప్పుడు నా చేతులు వణికాయి అయ్యగారూ" అని చెప్పినది. చేతులు వణకినను నోరు తెరచినది. ధైర్యమనగా అదియే.

సంఘస్థులారా, మనకును పని కలదు. రోగిని చూడబోయినప్పుడు మంచము చుట్టు గుమిగూడవద్దు. నర్సును అడుగక కాఫీగాని, ఇడ్లీగాని, ఇంటి మందుగాని నోట పెట్టవద్దు. ఆమె పేరు మరల మరల అడిగినచో విసుగుకొనవద్దు. అది మీ క్షేమము కొరకే. ఆమె వద్దన్నప్పుడు, మావలె చిన్నబుచ్చుకొనవద్దు.

ఆ పెద్ద మూడు నెలలకు కఱ్ఱ ఊతతో గుడికి వచ్చెను. కుడిచేయి మాత్రము తిరిగి రాలేదు. ఆయన ఎడమచేతితో ఆ చిన్నదాని తల నిమిరినప్పుడు, ఆ వారము మేము సిద్ధపరచుకొన్న ప్రసంగముకంటె గొప్ప ప్రసంగము చూచితిమి.

ప్రార్థింతము: ప్రభువా, మంచములయొద్ద మేల్కొనియున్న బిడ్డలకు చూచు కన్నులను, శుభ్రమైన చేతులను, నిజము పలుకు నోటిని దయచేయుము. మాకు వారి మాట వినెడి తగ్గింపునిమ్ము. ఆమేన్.