పక్కరంగు, జంటస్వరం

కళల గురించిన చర్చలలో కాంట్రాస్ట్, కౌంటర్‌పాయింట్ అనే రెండు మాటలు తరచు ఒకదాని చోట ఒకటి దొర్లిపోతుంటాయి. నాయకుడి పక్కన విదూషకుణ్ణి నిలిపినా, చావు ఘట్టం వెనుక పెళ్లిమేళం వినిపించినా, నవలలో రెండు కుటుంబాల కథలు పక్కపక్కనే సాగినా అన్నింటికీ ‘వైరుధ్యం’ అన్న ఒకే పేరు చాలునన్నట్టు రాయడం కద్దు. నిజానికి ఇవి ఒకే జాతి పనులు కావు. ఒకదాని పక్కన మరొకదాన్ని ఉంచి, ఆ పొరుగు వల్ల మొదటిది కొట్టొచ్చినట్టు కనిపించేలా చేయడం కాంట్రాస్ట్. ఏది తీసివేసినా రెండవది తన కాళ్లమీద తాను నిలవగలిగే రెండు ధారలను ఒకే కాలంలో నడిపించడం కౌంటర్‌పాయింట్. మొదటిదాన్ని పక్కరంగు అనీ రెండవదాన్ని జంటస్వరం అనీ పిలుచుకుంటే తేడా కొంత తేలికగా పట్టుబడుతుంది.

పక్కరంగు ఎంత మాయ చేయగలదో తేల్చి చెప్పినవాడు చిత్రకారుడు కాదు, రసాయన శాస్త్రవేత్త. గోడలకు వేలాడదీసే బొమ్మల వస్త్రాలు నేయడంలో పేరుపడ్డ పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో మిషెల్ యూజెన్ షెవ్రల్ 1824లో అద్దకాల విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడి నల్ల ఉన్ని మీద ఒక ఫిర్యాదు ఉండేది: నీలం, ఊదా రంగు బట్టల మడతల్లో నీడ చూపడానికి దాన్ని వాడితే పస లేకుండా, వెలిసినట్టు కనబడుతోందని. షెవ్రల్ ఆ ఉన్నిని వేరే చోట్ల అద్దిన మేలురకం నలుపుల పక్కన పెట్టి చూస్తే అద్దకంలో లోపమేమీ కనిపించలేదు. నీలాన్ని చూస్తున్న కన్ను, నీలానికి ఎదురు రంగైన నారింజ ఛాయను తనంతట తానే పక్కనున్న నలుపు మీద పులుముతోంది. అంటే తప్పు రంగు తొట్టిలో లేదు, పొరుగులో ఉంది. పక్కపక్కనున్న రంగులు ఏకకాలంలో ఒకదాన్నొకటి మార్చివేసే ఈ తీరును 1839లో ఒక పెద్ద గ్రంథంగా వెలువరించాడు, ఆ తరువాతి తరాల చిత్రకారులు దాన్ని శ్రద్ధగా చదివారు. చీరకు అంచు రంగు ఎంచే నేతగాడికి ఈ సంగతి గ్రంథం చదవకుండానే తెలుసు, అది వేరే మాట. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే: పక్కరంగులో ఏదీ తానుగా మిగలదు. నీలం పక్కనున్న నలుపు, తెలుపు పక్కనున్న నలుపు ఒకే తొట్టిలోంచి వచ్చినా కంటికి రెండు రంగులే.

జంటస్వరం పని దీనికి భిన్నం. కౌంటర్‌పాయింట్ అన్న మాటకు లాటిన్ మూలంలో ‘చుక్కకు ఎదురు చుక్క’ అని అర్థం. స్వరాలను చుక్కలుగా రాసే రోజుల్లో ఒక గొంతు పాడే చుక్కకు ఎదురుగా మరో గొంతుకు మరో చుక్క పెట్టడం నుంచి ఆ పేరు వచ్చింది. జొహాన్ సెబాస్టియన్ బాఖ్ 1723లో శుద్ధప్రతి రాసుకున్న ఇన్వెన్షన్లు పదిహేనూ రెండేసి గొంతుల రచనలు. కీబోర్డు నేర్చుకునేవారికి రెండు గొంతులను మసకబారకుండా వాయించడం అలవాటు చేయడం వాటి ఉద్దేశం. మొదటిదానిలో కుడిచేయి చిటికెంత విరామం తీసుకుని స రి గ మ రి గ స అని చకచక నడిచి, ఒక్క గెంతులో పంచమాన్ని అందుకుంటుంది. అది ముగిసీ ముగియకముందే ఎడమచేయి అదే పలుకును ఒక స్థాయి కింద ఎత్తుకుంటుంది. అంతవరకు పరుగెత్తిన కుడిచేయి అప్పుడు ఆగిపోదు, నిదానపు అడుగులకు మారి తన దారి తాను నడుస్తుంది. మరి కాసేపటికి ఆ పలుకే తలకిందులై, ఎక్కిన మెట్లు దిగుతూ వస్తుంది. ఎడమచేయి అక్కడ శ్రుతి వేయడానికో తాళం కొట్టడానికో లేదు. కుడిచేతిని మూసి, దాన్ని ఒక్కదాన్నే వాయించినా అర్థమున్న పాటే వినిపిస్తుంది.

ఈ విద్యకు పాఠ్యక్రమం రాసినవాడు వియన్నా ఆస్థాన సంగీతజ్ఞుడు జొహాన్ జోసెఫ్ ఫుక్స్. 1725లో గురుశిష్య సంవాద రూపంలో లాటిన్‌లో వెలువడిన ఆయన పుస్తకం చుక్కకు ఒక చుక్క అనే సులువైన అభ్యాసంతో మొదలై ఐదు అంచెలుగా సాగుతుంది. అందులో తెలుగు చెవికి వింతగా తోచే నిషేధం ఒకటుంది: రెండు గొంతులు షడ్జపంచమాల దూరంలో ఉన్నప్పుడు, అదే దూరం పాటిస్తూ కలిసి మరో స్వరానికి కదలకూడదు. తంబురా మీద స-ప మోగుతుండగా పుట్టి పెరిగిన సంగీతానికి అంతటి మేలైన పొందిక మీద ఆంక్ష ఏమిటనిపిస్తుంది. కారణం ఆ పొందికే. అంత బాగా కలిసిపోయే స్వరాలు జతగా అడుగు వేస్తే వినేవారికి రెండు గొంతులు కాక, కాస్త మందమైన ఒకే గొంతు వినిపిస్తుంది. ఫుక్స్ భయపడింది వైరుధ్యానికి కాదు, మితిమీరిన ఏకీభావానికి.

సాహిత్యానికి వస్తే చిక్కు మొదలవుతుంది, ఎందుకంటే అక్షరాలు ఒకదాని తరువాత ఒకటిగా తప్ప నడవలేవు. ఫ్లోబేర్ ‘మదాం బొవారీ’లోని వ్యవసాయ ప్రదర్శన ఘట్టాన్ని కౌంటర్‌పాయింట్‌కు ఉదాహరణగా చూపడం మామూలు. పురభవనం మేడమీద రొడాల్ఫ్ ఎమ్మాకు ప్రేమను నూరిపోస్తుంటాడు. కింద అధికారుల ఉపన్యాసాలు, పందులకూ ఎరువులకూ బహుమతుల ప్రకటనలు. మొదట పేజీలకొద్దీ వంతులు వేసుకున్న ఈ రెండు గొంతులు రానురాను దగ్గరపడి, చివరకు ఒక వాక్యం మేడమీదిదీ ఒక వాక్యం కిందిదీ అన్నంత ఇరుకున పడతాయి. ఘట్టం అద్భుతమే, కానీ ఇది జంటస్వరం కాదు. ఎరువుల బహుమతి పక్కన పడగానే ప్రేమ మాటలు వెలిసిపోతాయి, ప్రేమ మాటల పక్కన ప్రభుత్వ భాష మరింత బోలుగా మోగుతుంది. గోబెలిన్ నల్ల ఉన్నికి పట్టిన గతే ఇది. 1928లో ఆల్డస్ హక్స్‌లీ ఏకంగా ‘పాయింట్ కౌంటర్ పాయింట్’ పేరుతోనే నవల రాసి, అందులోని ఒక నవలాకారుడి చేత సంగీతంలా కథ నడపడం గురించి ఆలోచింపజేశాడు; ఆ ఆలోచనకున్నంత బిగి నవలకు లేదు.

ఏకకాలం అనే షరతును భాష నిజంగా తీర్చిన చోటు శ్లేష. ‘మిమ్ము మాధవుడు’ అన్న రెండు మాటల్లో ‘మిమ్ము’ చివరి అచ్చు సంధిలో లోపించిందనుకుంటే ఉమాధవుడు, అంటే శివుడు, లోపించలేదనుకుంటే విష్ణువు. బడి వ్యాకరణంలో ఒక్క వాక్యంతో ముగిసే ఈ విద్యను పదహారవ శతాబ్దంలో పింగళి సూరన కావ్యమంత పొడవు సాగదీసి, ఒకే పద్యాల వరుసలో రామాయణ భారతాలు రెంటినీ చెప్పాడు; అదే ‘రాఘవపాండవీయం’. వేటలో పొరపాటున చంపి శాపం తెచ్చుకున్న రాజు, విల్లు నెపంగా జరిగిన పెళ్లి, అడవుల పాలైన అన్నదమ్ములు అంటూ ఆ కథల మధ్యనున్న పోలికలు ఆయనకు దారి చూపినా, పదాన్ని ఎక్కడ విరవాలో ఎక్కడ అతకాలో తేల్చుకోవడం మాత్రం సూరన సొంత సాముగరిడీ. రామకథను పక్కన పెట్టి చదివినా భారతం నిలుస్తుంది, భారతాన్ని మరచి చదివినా రామకథ నిలుస్తుంది. అయినా ఫుక్స్ దీన్ని చూస్తే ఎర్రసిరాతో కొట్టివేసేవాడు. ఇక్కడ రెండు కథలూ ప్రతి అక్షరం మీదా కలిసే అడుగు వేస్తాయి. ఒకటి పరుగెత్తుతుండగా మరొకటి నిదానించడం అసాధ్యం. పైగా చదివేవారి మనసు రెండర్థాలనూ ఒక్కసారి పట్టలేదు గనుక వ్యాఖ్యాతలు రామపరంగా ఒకసారి, భారతపరంగా ఒకసారి విడదీసి చెప్పక తప్పలేదు.

అలా చూస్తే, ఒకే రాగధారను నమ్ముకున్న కర్ణాటక సంగీతానికి జంటస్వరం లేదనే పాత మాట కూడా కొంత సవరణ కోరుతుంది. ఆదితాళంలో చేయి ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, మళ్లీ దెబ్బా విసురూ, దెబ్బా విసురూ వేసి ఎనిమిది అక్షరాలు పూర్తి చేస్తుంది. త్యాగరాజ కృతులలో అనేకం ఆ మొదటి దెబ్బ మీద మొదలుకావు. దెబ్బ పడ్డాక కొంత ఖాళీ వదిలి పల్లవి ఎత్తుకుంటుంది, దీనినే విషమగ్రహం అంటారు. మధ్యలో మృదంగం నాలుగు పట్టే కాలంలో మూడు మూడుగా నడక మార్చి, చేతి లెక్కకూ పాట నడకకూ చెందని మూడవ దారి తొక్కి, ముక్తాయింపుతో తిరిగి సరిగ్గా పల్లవి ఎత్తుగడ దగ్గరకే చేరుతుంది. తాళం ఎవరికీ బదులు చెప్పదు గనుక బాఖ్ ఎడమచేతితో దాన్ని పూర్తిగా సమానం చేయడం కుదరదు. కానీ గాయకుడి తొడమీద దెబ్బ పడిన క్షణంలో గొంతు ఊరుకుని, దెబ్బ లేని చోట పాట అందుకున్నప్పుడు, ముందు వరుసలో కూర్చుని తామూ తాళం వేస్తున్నవారి అరచేతుల్లో ఒకటీ చెవిలో మరొకటీ నడుస్తూనే ఉంటాయి.