పంటచేల నడుమ దారి



ఒక విశ్రాంతి దినాన ప్రభువు తన శిష్యులతో పంటచేల మీదుగా వెళ్ళారు. శిష్యులకు ఆకలి వేసింది. వెన్నులు తుంచి, అరచేతుల్లో నలిపి తిన్నారు. పరిసయ్యులు తప్పు పట్టారు. ఈ సంఘటనను మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు. పూజలో ఎన్నోసార్లు విన్నాం. అయినా ఒక చిన్న సంగతి మన దృష్టికి రాదు. పరిసయ్యుల అభ్యంతరమంతా విశ్రాంతి దినం గురించే. పరాయివాని చేలో ఎందుకు నడిచారని గాని, అతని వెన్నులు ఎందుకు తెంపారని గాని వారు అడగలేదు.

ఎందుకు అడగలేదు? ధర్మశాస్త్రం దానికి ఒప్పుకుంది గనుక. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం చివర చూడండి. పొరుగువాని చేలోకి పోయినవాడు చేతితో వెన్నులు తుంచుకోవచ్చు, కొడవలి మాత్రం పెట్టరాదు. ద్రాక్షతోటలో కడుపునిండా తినవచ్చు, బుట్టలో వేసుకొని పోరాదు. బాటసారికి ఒక హక్కు ఉంది, ఆ హక్కుకు ఒక హద్దూ ఉంది. రైతుకు భూమి ఉంది, ఆ యాజమాన్యానికీ ఒక హద్దు ఉంది. రెండు హద్దులనూ దేవుడు ఒకేచోట గీశాడు.

ఈ మాట ఇప్పుడు ఎందుకు ఎత్తానంటే, నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవలసి ఉంది.

అల్మాస్‌గూడ ఒకప్పుడు సరూర్‌నగర్ మండలంలో ఒక పల్లె. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి.నగర్‌కూ బస్సెక్కి పనికి వెళ్ళేవాళ్ళ కాలనీలు అక్కడ వరుసగా లేచాయి. ఆ ఇళ్ళ నడుమ అక్కడక్కడ ఒక చెలక, ఒక కూరగాయల మడి మిగిలి ఉన్నాయి. అలాంటి ఒక చెలకలోంచి పాత కాలిబాట ఉంది. అవతలి కాలనీవాళ్ళు పూజకు రావాలన్నా, బడిపిల్లలు రోడ్డు మీదికి రావాలన్నా అదే దగ్గరి దారి. చుట్టు తిరిగితే అరగంట నడక. పొద్దున్నే నడక కోసం వచ్చేవాళ్ళు కూడా ఆ బాటనే పడతారు. ఒక ఆదివారం నాటికి ఆ బాటకు అడ్డంగా ముళ్ళకంప పడింది. ముసలమ్మలు ఆలస్యంగా, ఆయాసపడుతూ గుడికి వచ్చారు. నాకు కోపం వచ్చింది. ప్రసంగంలో ధనవంతుడు, లాజరు కథ ఎత్తుకొని, దారి మూసేవాడికి పరలోక ద్వారం కూడా మూసే ఉంటుందని గట్టిగా చెప్పాను. పేరు చెప్పలేదు. కాని అందరూ వెనక్కి తిరిగి ఎవరివైపు చూశారో నాకు కనిపించింది. ఆ పెద్దాయన తల వంచుకొని కూర్చున్నాడు. మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

అప్పుడు నేనే ఆ చెలకకు వెళ్ళాను. ఆయన నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఒక గోనెసంచి తెచ్చి నా ముందు బోర్లించాడు. పగిలిన సీసాలు, ప్లాస్టిక్ సంచులు, గ్లాసులు. “ఇవన్నీ నా పాలకూర మళ్ళ ఏరినయే ఫాదర్” అన్నాడు. “మా బాపు ఎవల్నీ ఆపలే. నేనూ ఆపలే. నడిచెటోళ్ళు నడవనీ. కని మోటరు సైకిళ్ళు మడిలకెల్లి తోల్తున్నరు. నా బర్రె కాలుకు సీస గుచ్చుకొని చీము పట్టింది. ఇగ నా కొడుకులేమో, దారి ఇట్లనే వదిలితె రేపు అది వాళ్ళ హక్కయితది, పిలాటు ధర పడిపోతది అంటున్నరు. ఇదంత మీరు నన్ను అడిగిండ్రా?”

నేను అడగలేదు. సెమినరీలో తత్వశాస్త్రం చదివినప్పుడు మాకు మొదట నేర్పినది, ఎదుటివాని వాదాన్ని అతనికంటే బాగా చెప్పగలిగాకే దానికి జవాబు చెప్పమని. పునీత తోమా అక్వీనాసు గారు ప్రతి ప్రశ్నలోనూ ముందు అభ్యంతరాలనే రాశారు. ఆ క్రమాన్ని పుస్తకంలో మెచ్చుకొని బోధపీఠం మీద మరచిపోయాను. ఆ పెద్దాయనను క్షమాపణ అడిగాను. తరువాతి ఆదివారం, నింద అందరి ముందూ వేశాను గనుక, క్షమాపణ కూడా అందరి ముందే చెప్పాను.

ప్రియ పాఠకులారా, ఆస్తి విషయంలో అదే తోమా గారు రెండు మాటలు కలిపి చెప్పారు. భూమిని సంపాదించి, చూసుకొనే అధికారం మనిషికి తగినదే. ఎందుకంటే అందరిదీ అన్నదాన్ని ఎవరూ శ్రద్ధగా చూడరు. అయితే దాని వాడుక దగ్గరికి వచ్చేసరికి అది తన ఒక్కడిదే అనుకోరాదు, అవసరంలో ఉన్నవారితో పంచుకోవాలి. 1891లో పదమూడవ లియో పోపుగారు, 1965లో రెండవ వాటికన్ మహాసభ, 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు ఈ రెండు మాటలనూ నిలబెట్టారు. మనలో నడిచేవాడు రెండో మాటనే వింటాడు, భూమిగలవాడు మొదటి మాటనే వింటాడు. తగాదా అక్కడే పుడుతుంది.

దేశ చట్టం కూడా ఈ రెంటినీ తూచింది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఒక దారిలో ఇరవై ఏళ్ళు బాహాటంగా, శాంతియుతంగా, ఆటంకం లేకుండా, హక్కుగా నడిచినవారికి ఆ దారి హక్కు స్థిరపడుతుంది. అయితే యజమాని అనుమతితో నడిచిన నడక అలాంటి హక్కు కాదు. కాబట్టి రైతు కొడుకుల భయం ఊరికే పుట్టింది కాదు, దానికి మందు లేకపోనూ లేదు. ‘మా అనుమతితో నడవండి’ అని ఒక బోర్డు పెట్టి, ఒక కాగితం మీద రాసుకుంటే ఇవాళ్టి దయ రేపటి దావా కాదు. అలాగే గ్రామ నక్షాలో కాలిబాట, బండ్ల బాట గీసి ఉంటే, అది ఒకరి దయ మీద ఆధారపడినది కాదు. దానికి కంప వేసే ముందు నక్షా చూడాలి. కోపం తెచ్చుకొనే ముందు కూడా నక్షానే చూడాలి.

ఇది మన ఊరి గొడవ మాత్రమే కాదు. ఇంగ్లండులో 1932 ఏప్రిల్‌లో కిండర్ స్కౌట్ కొండ మీద నడిచే హక్కు కోసం వందలమంది కలిసి ఎక్కారు, కొందరు జైలు పాలయ్యారు. స్కాట్లండులో 2003లో వచ్చిన చట్టం పరాయి భూమి మీద నడిచే హక్కును విశాలంగా ఇచ్చింది. కాని బాధ్యతతో నడిస్తేనే ఆ హక్కు, విత్తనం వేసిన చేను ఆ హక్కులోకి రాదు. మోషే నాటి మాట కూడా ఇదే. ఎదోము రాజు దగ్గరికి దూతలను పంపినప్పుడు ఆయన ఏమని కబురు చేశాడు? మీ పొలాల్లో గాని ద్రాక్షతోటల్లో గాని అడుగు పెట్టం, రాజమార్గం దిగం, నీళ్ళు తాగితే వెల ఇస్తాం అన్నాడు. దారి అడిగేవాడు ముందుగా రైతు భయాన్ని తన నోటితో తానే చెప్పాడు. ఎదోము రాజు అప్పటికీ కాదన్నాడు, కత్తి పట్టుకొని వచ్చాడు. యిస్రాయేలు ప్రజలు యుద్ధం చేయకుండా చుట్టు తిరిగి వెళ్ళారు. అది సంఖ్యాకాండం 20వ అధ్యాయం. తీరిక చేసుకొని ఇంట్లో చదవండి.

మా పెద్దాయన ఎదోము రాజు కాలేదు. ముళ్ళకంప తీసేసి, గట్టు వెంబడి నాలుగడుగుల బాట వదిలాడు. రెండు కొసలా రాతి కడీలు పాతాడు. మనిషి పడతాడు, మోటరు సైకిలు పట్టదు. మన యువతీయువకులు నెలకొక శనివారం ఆ బాట ఊడుస్తామని మాట ఇచ్చారు. ఆ మాట కొన్ని నెలలు నిలబడింది, కొన్ని నెలలు తప్పింది. సీసాలు ఇప్పటికీ అప్పుడప్పుడు దొరుకుతున్నాయి. ఆయన వాటిని ఏరుతూనే ఉన్నాడు. నిజం చెప్పాలంటే, ఈ ఏర్పాటు ఆయన సహనం మీద నడుస్తోంది.

ఆయన తరువాత ఏమవుతుంది? ఆ చెలక ఎప్పుడో ఒకనాడు ప్లాట్లవుతుంది. అప్పుడు కొన్నవాడు గోడ కడతాడు, బాట ఉండేదన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. కాబట్టి అమ్మేవారితో ఒక మాట మనవి చేస్తున్నాను. దస్తావేజు రాసేనాడు ఆ నాలుగడుగులనూ అందులో రాయించండి. కొనేవారితో ఒక మాట. హద్దురాయి జరపరాదని సామెతల గ్రంథం చెప్పింది. పేదవాడి దారి కూడా ఒక హద్దురాయే అనుకోండి. నడిచేవారితో ఒక మాట. చేతిలో ఏమి తీసుకొని ఆ చేలో అడుగు పెట్టారో, అది చేతిలోనే తీసుకొని బయటికి రండి. కుక్కను తాడు విడవకండి. మడిలో దిగకండి. రైతు కనిపిస్తే నమస్కారం పెట్టండి. అతని పేరు తెలుసుకోండి.

విత్తువాని ఉపమానంలో కొన్ని విత్తనాలు దారి పక్కన పడ్డాయని ప్రభువు చెప్పారు. అంటే ఆ విత్తువాని చేలో కూడా ఒక దారి ఉందన్నమాట. ఆయన దాన్ని దున్నేయలేదు. దారినపోయేవారి కాళ్ళ కింద కొంత గింజ పోతుందని తెలిసే విత్తాడు.

భూమి నాది, మీరు నా దగ్గర ఉండే పరదేశులు అని లేవీయకాండంలో చెప్పిన దేవుడు, పట్టా ఉన్నవారికీ లేనివారికీ ఒకరి కష్టం ఒకరికి కనిపించే కన్నులు ప్రసాదించునుగాక. ఆమెన్.