చౌమహల్లాలో మా వాటా

మొన్న చౌమహల్లా ప్యాలెస్ చూడ్డానికి వెళ్లాం. మేమంటే ఇంట్లో నలుగురం. మేమిద్దరం, మా అమ్మ, ఏడో తరగతి చదివే మా బిడ్డ. బిడ్డకు బళ్లో ఏదో వొక చారిత్రక కట్టడం చూసి రాయమని ప్రాజెక్టు ఇచ్చారు. ఏం రాద్దామా అని పిల్లలు మాట్లాడుకుంటుంటే పక్క బెంచీ పిల్ల 'నీకేమే, చౌమహల్లా వుంది కదా, అది మీదేగా' అన్నదట. ఆ పిల్ల ఎగతాళికన్నదో, మెచ్చుకోలుగా అన్నదో మా బిడ్డకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి మమ్మల్ని అడిగింది, 'అది మనదా?' అని.

కాదని చెప్తే అయిపోయే ప్రశ్నే. కానీ నోరు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాం.

ఈ ప్రశ్న మాకు కొత్తదేం కాదు. మేం పల్లెటూరి బళ్లో చదువుకునేటప్పుడు నిజాం పాఠం వచ్చిన రోజు క్లాసంతా వెనక్కి తిరిగి మా వైపు చూసేది. క్లాసులో సాయిబుల పిల్లలం ఇద్దరమే. పాఠం చెప్పే పంతులు చెడ్డవాడు కాదు. మా మీద కోపమూ లేదు. అయినా 'వీళ్ల రాజు' అన్నట్టుగా చెయ్యి మా వైపే వూపేవాడు. ఆ రోజు మా కాళ్లకు చెప్పులు లేవు. మధ్యాహ్నం తిండి ఎట్లా అన్నది ఇంట్లో తేలలేదు. అయినా ఆ గంటసేపు మేం రాజవంశీకులం. తలదించుకుని కూర్చున్న రాజవంశీకులం.

సరే, ప్యాలెస్ సంగతికొద్దాం. చార్మినార్ దగ్గర దిగి, లాడ్ బజార్ గాజుల దుకాణాలు దాటుకుంటూ ఖిల్వత్ వైపు నడిచాం. అమ్మ మోకాళ్లు నొప్పులంటూ రెండుచోట్ల అరుగుల మీద కూచుంది. టికెట్లు కొనుక్కుని లోపలికి పోయాం. బయట అంత రద్దీ, అంత గోల. లోపల నీళ్ల తొట్టి, ఫౌంటెన్లు, చెట్లు, నిశ్శబ్దం. 1750ల్లో సలాబత్ జంగ్ కాలంలో మొదలై, వందేళ్ల తర్వాత అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయిన కట్టడమిది. అఫ్జల్ మహల్, మహతాబ్ మహల్, తహనియత్ మహల్, ఆఫ్తాబ్ మహల్. నాలుగు మహళ్లు కాబట్టి చౌమహల్లా. ఒకప్పుడు నలభై అయిదెకరాల దాకా వుండేదట, ఇప్పుడు అందులో మూడో వంతు కూడా లేదు. చాలాకాలం పాడుబడి వుంటే బాగుచేయించి 2005లో జనానికి తెరిచారు. 2010లో యునెస్కో వాళ్ల అవార్డు కూడా వచ్చింది.

ఖిల్వత్ దర్బారు హాల్లో అడుగుపెట్టగానే ఎవరికైనా తల పైకి లేస్తుంది. 19 షాండ్లియర్లు. కింద పాలరాతి వేదిక, దాన్ని తఖ్తే నిషాన్ అంటారు. దానిమీదే గద్దె. మా బిడ్డ మెడ నొప్పెట్టేదాకా పైకి చూసింది. అమ్మ మాత్రం చాలాసేపు చూసి, 'ఇన్ని దీపాలు ఎవరు తుడిచేటోళ్లో' అన్నది. తర్వాత 'దాదీమా, ఇదంతా మనదేనా?' అని బిడ్డ మళ్లీ అడిగింది. అమ్మ నవ్వి, 'మీ ముత్తాత ఈ గడప తొక్కి వుంటే గదా' అన్నది.

మా దాదా నాల్‌బంద్. ఎద్దులకు నాడాలు కొట్టేవాడు. తాడేసి ఎద్దును పడగొట్టి, నాలుగు కాళ్లూ కలిపి కట్టి, చీలిన గిట్టకు రెండు రేకుల చొప్పున మేకులు దిగ్గొట్టడం ఆయన పని. మేకు కొంచెం లోపలికి పోయిందంటే ఎద్దు కుంటుతుంది, రైతు తిడతాడు. కూలి పంటలప్పుడు గింజల్లో. దొర ఎడ్లకు మాత్రం కూలి లేదు, అది వెట్టి. సర్కారు మనుషులు వూళ్లోకి వచ్చినా వాళ్ల బండ్ల ఎడ్లకు ఉత్తినే కొట్టాలి. రాజుదీ మా దాదాదీ వొకటే మతం అని గిర్దావర్‌కి ఎన్నడూ గుర్తు రాలేదు. ఆ దొర హిందువే, దొరను కాచిన హుకూమత్ ముస్లిముది. వాళ్ల మధ్య పొత్తుకి మతం అడ్డం రాలేదు.

ప్యాలెస్‌లో రాజుల షేర్వానీలున్నాయి, పింగాణీ వుంది, కత్తులున్నాయి, పాతకాలపు కార్లూ బగ్గీలూ వున్నాయి. అన్నీ శుభ్రంగా, అందంగా వున్నాయి. వాటికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో దాన్ని గాజు పెట్టెలో పెట్టడం కుదరదు కదా. హైదరాబాద్ సంస్థానంలో పదో వంతు భూమి సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు శిస్తు కట్టే భూమి. జాగీర్లు వేరే. ఆ శిస్తు కట్టినవాళ్లలో తెలుగువాళ్లున్నారు, మరాఠీ వాళ్లున్నారు, కన్నడిగులున్నారు. మా దాదాలాంటి సాయిబులూ వున్నారు. ఆ లెక్కన చూస్తే ప్యాలెస్ అందరిదీ. మా పక్కబెంచీ పిల్లదీ.

ఇంతవరకూ చెప్పడం తేలిక. ఈ జవాబు మా సెక్యులర్ మిత్రులకు నచ్చుతుంది కూడా. 'చూశారా, పేద ముస్లింకీ నిజాంకీ ఏ సంబంధమూ లేదు' అని వాళ్లే మా తరఫున చెప్తారు. వాళ్లకు కృతజ్ఞతలు. కానీ పూర్తి నిజం అది కాదు. నిజాంతో సంబంధం లేదని మేం అనుకున్నా, వుందని మాలో కొందరు నమ్మారు, నమ్మించారు. 1930ల చివర్లో, 40ల్లో మజ్లిస్ నాయకులు 'అనల్ మాలిక్' అన్న మాట తెచ్చారు. ప్రతి ముసల్మానూ పాలకుడే, గద్దె మీద కూచున్నది మనందరి ప్రతినిధే అని దానర్థం. ఎంత తియ్యని అబద్ధం! నాడాలు కొట్టేవాడికి, దూదేకేవాడికి, ఫకీరుకి ఖర్చు లేకుండా కిరీటం. తిండి గింజలు ఇవ్వలేదు, భూమి ఇవ్వలేదు, చదువు ఇవ్వలేదు. 1918లో ఉర్దూలో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టినా, మా దాదా వేలిముద్రతోనే చచ్చిపోయాడు. కిరీటం మాత్రం ఇచ్చారు.

ఆ కిరీటాన్ని మా ఇంట్లోనూ వొకడు పెట్టుకున్నాడు. దాదాకు అన్న, మా బడే దాదా. ఖాసిం రజ్వీ మనుషులు వూరికొచ్చి బట్టలిస్తే వేసుకున్నాడు. రజాకారయ్యాడు. అంతకుముందు ఆయన్ను 'ఏం రా' అని పిలిచేవాళ్లు ఏడాదిపాటు సలాం కొట్టారు. లెవీ ధాన్యం దాచారని ఇళ్లు సోదా చేసేవాళ్ల వెంట తిరిగాడట. ఎవర్నయినా కొట్టాడా అని అమ్మను చాలాసార్లు అడిగాం. వొకసారి మాత్రం 'కొట్టిండనే అంటరు' అని వూరుకుంది. అమ్మ అప్పటికి పుట్టలేదు, అత్తగారు చెప్పిందే ఆమెకు తెలుసు. అత్తగారు కూడా అంతకంటే చెప్పలేదట.

1948 సెప్టెంబర్ 13న సైన్యం దిగింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. బడే దాదా ఆ బట్టలు బావిలో పడేసి రాత్రికి రాత్రి ఎటో పోయాడు, మళ్లీ రాలేదు. దాదాను మాత్రం వూళ్లో గౌండ్లాయన తన ఇంట్లో పదిరోజులు దాచాడు. మా వూళ్లో ప్రాణాలు పోలేదు. పోయినచోట్ల ఎంత ఘోరంగా పోయాయో ప్రధాని నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం చూసి రాసింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్ల అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. మరి అసలు మాలిక్ ఏమయ్యాడు? 1950లో రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా వున్నాడు. ఏటా అరకోటి రూపాయల రాజభరణం తీసుకున్నాడు. గద్దె మీదున్నవాడికి భరణం, గద్దె నాదే అనుకున్నవాడికి బావి.

దీన్ని మేం ఫిర్యాదుగా రాయడం లేదు. బైరాన్‌పల్లి మర్చిపోయి సుందర్‌లాల్ నివేదిక వొక్కటే పట్టుకుని తిరిగేవాళ్లు మాలో వున్నారు. వాళ్లతో మాకు పేచీ వుంది. సుందర్‌లాల్ నివేదిక పేరెత్తకుండా బైరాన్‌పల్లి వొక్కటే చెప్పేవాళ్లతోనూ అంతే పేచీ. సెప్టెంబర్ 17 వచ్చిందంటే వొకరు విమోచన అంటారు, ఇంకొకరు విలీనం అంటారు. ఆ రోజు మా వాడల్లో కిటికీలు కాస్త త్వరగా మూసుకుంటాయి. దాన్నేమనాలో ఎవరూ పేరు పెట్టలేదు.

వనపర్తి సంస్థానాధీశుల ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పెట్టారు. మైసూరు ప్యాలెస్‌కు రోజూ వేలమంది పోతారు. అక్కడికి పోయిన పేద హిందువును 'ఇది మీ రాజుగారిదే కదా, లెక్క చెప్పు' అని ఎవరూ అడగరు. విసునూరు దేశ్‌ముఖ్ చేసిన అన్యాయాలకు ఆయన కులపోళ్లందరూ తలదించుకోవాలని ఎవరూ అనరు, అనకూడదు కూడా. ఆ దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టుల్లో, వూళ్లో కొట్లాడి హతమైన షేక్ బందగీ మా మతం వాడే. రజాకార్లకు వ్యతిరేకంగా రాసి 1948 ఆగస్టులో చంపబడ్డ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా మా మతం వాడే. నిజాం పాఠం నాడు మా వైపు తిరిగిన క్లాసు, బందగీ పేరు వచ్చిన రోజు ఎందుకు తిరగలేదో మాకిప్పటికీ తెలీదు. బహుశా ఆ పేరు పాఠంలో రాకపోయి వుంటుంది.

అయితే మేం వాదించుకునేటప్పుడు చేసే తప్పొకటి వుంది. ఎవరైనా నిజాంను తిడితే మాకు తెలీకుండానే వకీళ్లమైపోతాం. 1908 వరదల తర్వాత చెరువులు కట్టించలేదా, ఆసుపత్రి కట్టించలేదా, యూనివర్సిటీ పెట్టలేదా అని జాబితా చదువుతాం. ఆ జాబితా మాకు కంఠతా వచ్చు. అందులో అబద్ధమూ లేదు. కానీ ఎవరి కేసు మేం వాదిస్తున్నాం? ఫీజు ఎవరిచ్చారు? నిజాంను తిట్టినప్పుడు మాకెందుకు తగులుతుందంటే, తిట్టేవాడి చూపు నిజాం మీద లేదు, మా మీద వుంది. అది మాకు తెలుసు. అందుకని రాజును అడ్డం పెట్టుకుంటాం. రాజు బతికున్నప్పుడు మమ్మల్నే అడ్డం పెట్టుకున్నాడు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. 2023 జనవరిలో ముకర్రం జా ఇస్తాంబుల్‌లో చనిపోతే, శవాన్ని తెచ్చి ఈ చౌమహల్లాలోనే జనం చూపు కోసం వుంచారు. 1967లో ఆయన గద్దెనెక్కిందీ ఇక్కడే. చాలా ఏళ్లు ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం పెట్టుకుని వున్న మనిషి. మా బతుకుల్లో ఏనాడూ లేడు. అయినా మేం వెళ్లాం. పాతబస్తీ జనంతో పాటు నిలబడ్డాం, ఫాతెహా చదివాం. మక్కామసీదులో ఖననం అయ్యేదాకా వున్నాం. ఎందుకు వెళ్లామో అప్పుడూ చెప్పలేకపోయాం, ఇప్పుడూ చెప్పలేం. అనల్ మాలిక్ అబద్ధమని తెలిసినా, దాని తీపి నోట్లోంచి పూర్తిగా పోలేదేమో. లేదూ, ఇన్నేళ్లు ఎవరి పేరుతో మమ్మల్ని తిట్టారో ఆ వంశం మనిషిని వొక్కసారి చూసిపోదామనుకున్నామేమో.

బయటికి వచ్చేముందు అమ్మ బగ్గీల దగ్గర ఆగింది. చక్రాల ఇనుప పట్టీలు వంగి చూసింది. 'పని మంచిగున్నది' అన్నది. ఆ మాట ఏ రాజుకు చెందుతుందో, ఏ కమ్మరికి చెందుతుందో బిడ్డ అడగలేదు. నోట్‌బుక్ తీసి రాసుకుంది.

ఆదివారం ప్రాజెక్టు రాసి మాకు చూపించింది. మా ముత్తాత నాల్‌బంద్ అని మొదలుపెట్టింది. షాండ్లియర్ల లెక్క సరిగ్గా రాసింది. నాడాల బొమ్మ వేసింది, గిట్టకు రెండు రేకులు. బడే దాదా గురించి అందులో ఏమీ లేదు. మేం ఇంకా చెప్పలేదు కాబట్టి లేదు. సోమవారం పొద్దున బడి బస్సు వచ్చేలోపు చెప్దామని అనుకున్నాం. బస్సు ఎప్పటికంటే ముందొచ్చింది.